రివర్సు గేరులో ఊరేగింపు

ఇప్పుడు ప్రభుత్వ బండ్లు నడిపే కుర్రాళ్ళు మా ఇంటికి వస్తే ఒకే ప్రశ్న అడుగుతారు. "బాబాయ్ గారూ, మీ సర్వీసులో గొప్ప డ్యూటీ ఏదండీ?" వాళ్ళు ఏం వినాలనుకుంటారో నాకు తెలుసు. మంత్రిగారి వెనక బండి నడిపాననో, వరదల్లో బియ్యం బస్తాలు చేరవేశాననో చెప్పాలి. అవీ చేశాను గానీ చెప్పను. "రివర్సు గేరులో చేసిన డ్యూటీ ఒకటుందిరా, కూర్చోండి" అంటాను. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుంటారు. పెద్దాయనకి మతి తప్పిందనుకుంటారు కాబోలు. అనుకోనివ్వండి. కాఫీ తెప్పించి మొదలుపెడతాను. వాళ్ళకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను, కాఫీ ఒక్కటే తక్కువ.

మండలాలు రాకముందు మాట. అప్పుడు తాలూకాలుండేవి. తాలూకాకి ఒక తహసీల్దారు, తహసీల్దారుకి ఒక జీపు, ఆ జీపుకి నేను. కోనసీమలో కాలవ గట్టున మా ఆఫీసు. పెంకుటిల్లు, ముందు వరండా, వెనక జీపు షెడ్డు. ఆ జీపు మీద నాకు ఎంత మోజంటే, పొద్దున్నే వచ్చి ముందు దాని మొహం కడిగి తరవాత నా మొహం కడుక్కునేవాణ్ణి. మా ఆవిడ ఈ మాట ఇప్పటికీ దెప్పుతుంది.

ఆఫీసులో అందరికన్నా పాత మనిషి మా టైపిస్టమ్మగారు. తహసీల్దార్లు వచ్చేవారు, బదిలీ అయి పోయేవారు. హెడ్ క్లార్కులు మారేవారు. ఆవిడా, ఆవిడ టైపు మిషనూ మూలగదిలో అలాగే ఉండేవి. మెత్తని మనిషనుకునేరు, కాదు. గుమాస్తాలు రాసిచ్చిన చిత్తు కాగితం ఎత్తిపట్టుకుని, "ఇది మీ దస్తూరియేనాండీ, కోడి గీకిందాండీ?" అని వరండా దాకా వినబడేలా అడిగేది. అడిగి నవ్వేది. ఆ నవ్వు ఎలాంటిదంటే, బయట అర్జీలు పట్టుకుని కూర్చున్న వాళ్ళు కూడా సంగతేమిటో తెలియకుండానే నవ్వేసేవారు. హెడ్ క్లార్కు గారికి ఆవిడంటే లోపల దడ, పైకి మాత్రం గౌరవం అని చెప్పుకునేవారు.

ఆవిడది గోదావరి పాయ అవతల ఒక లంక. చుట్టూ నీళ్ళు, మధ్యలో కొబ్బరితోటలు, ఊరు. ఊరి చివర పేట, పేటలో చర్చి, చర్చి పక్కన వాళ్ళ ఇల్లు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడే. వాళ్ళ పేటలో సర్కారు ఉద్యోగం చేసిన మొదటి మనిషి కూడా ఆవిడే. వాళ్ళ పెద్దవాళ్ళంతా ఊళ్ళో వాళ్ళ చేలల్లో కూలి చేసినవాళ్ళు. తల్లీతండ్రీ త్వరగా పోతే, అక్క కొబ్బరాకులు అల్లి, ఈనెలు తీసి చీపుళ్ళు కట్టి, చెల్లెల్ని చదివించింది, అమలాపురం పంపి టైపు నేర్పించింది. ఇద్దరూ కలిసే ఉండేవారు. ఈవిడ రోజూ పడవ మీద పాయ దాటి, రేవు నించి నడిచి ఆఫీసుకి వచ్చేది. వానాకాలమైతే చీర కుచ్చిళ్ళు బురదే. సాయంత్రం మళ్ళీ అదే పడవ.

ఆవిడ రిటైరయ్యే రోజులొచ్చాయి. ఏం బహుమతి ఇవ్వాలని ఆఫీసంతా తర్జనభర్జన. మా ఆఫీసులో ఎవరు రిటైరైనా సత్యనారాయణస్వామి పటం అద్దం కట్టించి ఇవ్వడం ఆనవాయితీ. చర్చికి వెళ్ళే మనిషికి ఆ పటం ఎలా ఇస్తామని ఒకరు, ఇవ్వకపోతే తక్కువ చేసినట్టవుతుందేమోనని ఒకరు. చివరికి గోడ గడియారం అనుకుని, హెడ్ క్లార్కు గారు ధైర్యం చేసి ఆవిడ గదిలోకి వెళ్ళారు. వెనక మేమంతా గుమ్మం దగ్గర.

"అమ్మా, మీకు గోడ గడియారం ఇద్దామనుకుంటున్నామండీ. మీ మనసులో ఇంకేదైనా ఉంటే చెప్పండి."

"గడియారం వద్దండీ. ఇన్నాళ్ళూ మీ గడియారం చూసి పరిగెత్తింది చాలు" అంది ఆవిడ, చేతిలో కాగితం దించకుండా. "నన్ను జీపులో మా ఇంటి దగ్గర దింపండి."

రిటైరైన వాళ్ళని దండలతో జీపులో ఇంటికి దిగబెట్టడం మా ఆఫీసులో ఉన్నదే. అంతకు ముందు ఎందరినో నేనే దింపాను. వాళ్ళ ఇళ్ళన్నీ రోడ్డు మీద ఉండేవి, అదీ తేడా.

"మరి మీ ఇల్లు లంకలో కదండీ" అన్నారు హెడ్ క్లార్కు గారు.

"ఆయ్, లంకలోనేనండీ. నేను రిటైరయ్యేనని ఇల్లు ఇవతలికి రాదు కదండీ."

అంతే, మళ్ళీ టైపు మొదలెట్టింది. మేం గుమ్మం దగ్గర నించి జారుకున్నాం.

ఆ మధ్యాహ్నం ఆవిడే షెడ్డు దగ్గరికి వచ్చింది. నన్ను తమ్ముడూ అని పిలిచేది. నేను బానెట్టు తుడుస్తుంటే పక్కన నిలబడి, "తమ్ముడూ, నీకొక్కడికే అసలు సంగతి చెప్తాను" అని మొదలెట్టింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు ఆవిడ అలిసిపోయి ఇంటికి వెళ్ళి అన్నం తింటుంటే, అక్క అడిగిందట, మీ ఆఫీసుకి జీపు ఉందిటగా, అందులో తిరుగుతావా అని. ఈవిడ ఆకలి మీద "ఆయ్" అందట. మా వైపు ఆయ్ అంటే ఔననే అర్థం లేదు. వింటున్నాను, చెప్పు, ముందు నన్ను తిననీ, ఇవన్నీ ఆయ్ లోనే ఉంటాయి. అక్క మాత్రం ఔనన్న అర్థమే తీసుకుంది. మర్నాడు పొద్దున్నే రేవులో చెప్పేసింది, మా చెల్లి జీపులో తిరుగుతాదని. అక్కణ్ణించి లంకంతా పాకింది.

"మరి మీరు కాదని చెప్పలేకపోయేరాండీ?" అన్నాను.

"చెబుదామనే అనుకున్నాను తమ్ముడూ. కానీ అది చెప్పుకుంటూ అంత సంతోషంగా ఉండేది. ఎలా చెప్తాను? అలా చూస్తూ చూస్తూ సర్వీసే అయిపోయింది. ఊళ్ళో పెద్దింటాయన ఉన్నాడు, ఆయన తోటలోనే అక్క ఆకులు అల్లేది. అది కనబడితే చాలు, 'ఏమే, మీ చెల్లి జీపు ఎప్పుడొస్తాదే?' అని అందర్లోనూ ఎగతాళి. 'వస్తాది, చూడండి' అనేది మా అక్క. ఇప్పుడు మోకాళ్ళు పట్టేసి ఇల్లు కదల్లేదు. అయినా వస్తాదనే చెప్తంది. ఇప్పుడు కాపోతే ఇంకెప్పుడొస్తాది చెప్పు?"

అన్ని సంవత్సరాలూ ఆ జీపు టూరు ప్రోగ్రాములన్నీ టైపు చేసిన మనిషి, ఒక్కసారి కూడా అందులో ఎక్కలేదన్న సంగతి నాకు అప్పుడే తట్టింది. టైపిస్టుకి టూర్లేముంటాయి? "జీపు ఎగరేసైనా తీసుకొస్తానండీ" అన్నాను. కుర్రతనం, నోటికి ఎంత వస్తే అంతా అనేసేవాణ్ణి.

తహసీల్దారు గారు రాయలసీమ నించి కొత్తగా వచ్చిన చిన్నవాడు. మంచివాడే, నీళ్ళంటే మాత్రం చచ్చే భయం. కాలవ వంతెన దాటేటప్పుడు కూడా జీపులో రాడ్డు పట్టుకుని కూర్చునేవారు. హెడ్ క్లార్కు గారూ నేనూ వెళ్ళి చెబితే కాసేపు కిటికీ లోంచి చూసి, "జీపును పడవ మీద దాటిస్తారా? నాకు ఈత రాదప్పా" అన్నారు. "జీపుకి కూడా రాదండీ" అన్నాను నేను. నన్ను ఉరిమి చూసి, తరవాత ఫక్కున నవ్వారు. లంక భూములు గోదావరి కోతకి గురవుతున్నాయని అర్జీలు ఎప్పణ్ణించో ఉన్నాయి, ఎలాగూ చూడాలి. తనిఖీకి వెళ్ళినట్టూ ఉంటుంది, అమ్మగారిని దింపినట్టూ ఉంటుందని ఒప్పుకున్నారు. ఆ టూరు ప్రోగ్రాము టైపు చేసింది కూడా ఆవిడే. సంతకానికి పట్టుకెళ్తూ ఆవిడ నవ్విన నవ్వుకి వరండాలో అర్జీదారులంతా మళ్ళీ నవ్వారు.

ఆ రోజు వచ్చింది. జీపు టాపు విప్పేశాను. బంతిపూల దండలు బానెట్టుకి చుట్టాను. సభలో అందరూ మాట్లాడారు. హెడ్ క్లార్కు గారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ మాట్లాడి, కూర్చోబోయి, మళ్ళీ లేచి మాట్లాడారు. శాలువా కప్పారు, దండలు వేశారు. ఆవిడ మొహం కనబడనన్ని దండలు. దండల లోంచి, "ఊపిరాడట్లేదండీ, నన్ను సాగనంపుతున్నారా, పైకి పంపుతున్నారా?" అంది. అటెండర్లు ఎక్కణ్ణించో బ్యాండు మేళం పట్టుకొచ్చారు. వాళ్ళకి పెళ్ళి పాటలు తప్ప ఏమీ రావు. సరే, అవే వాయించమన్నాం.

జీపు దగ్గర ఆవిడ వెనక సీటు వైపు నడుస్తుంటే తహసీల్దారు గారు ఆపారు. "ముందు సీటు మీదేనమ్మా ఈ దినం" అన్నారు. ముందు సీటంటే అధికారి సీటు. అందులో ఇంకెవరూ కూర్చోగా నేను చూడలేదు. ఆవిడ కొంచెం సేపు ఆ సీటుని చేత్తో తడిమి, ఎక్కి కూర్చుంది.

రేవులో పడవ నడిపే సరంగు పంటు సిద్ధం చేసి ఉంచాడు. రెండు పెద్ద పడవల్ని పక్కపక్కన మోకులతో బిగించి, పైన బల్లలు పరిస్తే అదే పంటు. ఎడ్లబళ్ళు దాటించేది. దాని మీద జీపు అంతవరకూ ఎక్కలేదు. నేను ఊపిరి బిగబట్టి, ముందుకే, తిన్నగా, అవతలి గట్టుని చూస్తున్నట్టు ఎక్కించాను. సరంగు చక్రాలకి అడ్డు దుంగలు పెట్టి, "బేగా ఎక్కండి బాబూ. పోటు మొదలైతే పంటు మన మాట వినదండీ" అన్నాడు. సముద్రం పోటెత్తితే ఆ నీరు పాయలోకి ఎదురు తన్నుకొస్తుంది, అదీ ఆయన భయం.

ఇక్కడే మా వాళ్ళ మర్యాద అడ్డం పడింది. మా వైపు మర్యాద సంగతి మీకు తెలియనిది కాదు. మేకని అదిలించినా చివర అండీ తగిలిస్తామని పై జిల్లాల వాళ్ళు వెక్కిరిస్తారు. పంటు బల్ల దగ్గర అందరూ నిలబడ్డారు.

"అమ్మగారూ, ముందు మీరు ఎక్కండి."

"అబ్బే, తహసీల్దారు గారుండగా నేనెలాగండీ."

"సార్, మీరు దయచేయండి."

తహసీల్దారు గారు నీళ్ళ వైపు చూసి, "పెద్దవారు, హెడ్ క్లార్కు గారు ఎక్కనీండి" అన్నారు. ఆయన మర్యాదకి కారణం వేరే.

"ఆయ్, మీ వెనకేనండీ" అన్నారు హెడ్ క్లార్కు గారు. "బ్యాండు వాళ్ళు ఎక్కేస్తే..." అంటే బ్యాండు వాళ్ళు, "అయ్యబాబోయ్, పెద్దలుండగానాండీ" అని రెండడుగులు వెనక్కి వేశారు. సరంగు కాసేపు చూసి చుట్ట ముట్టించుకున్నాడు. మర్యాదలు ఇంకా అవ్వలేదు. చుట్ట సగం కాలాక, "పోటు మొదలైందండీ" అన్నాడు తాపీగా. అప్పుడు తహసీల్దారు గారికి విసుగొచ్చి, "ఎవరో ఒకరు ఎక్కండప్పా!" అని గద్దించారు. ఆర్డరు వచ్చాక ఇంకేముంది, అందరూ ఒక్కసారే ఎక్కారు. పంటు ఒక పక్కకి ఒరిగి, పెద్ద డోలు వాయించేవాడు హెడ్ క్లార్కు గారి ఒళ్ళో కూర్చున్నాడు.

సరంగూ, ఆయన మనుషులూ గెడలు వేశారు. సగం దూరం బాగానే వెళ్ళాం. పాయ మధ్యకి వచ్చేసరికి పోటు నీరు తగిలింది. పంటు మెల్లిగా తిరగడం మొదలెట్టింది. మా రేవు ఎదురుగా వచ్చింది, పోయింది, లంక వచ్చింది, పోయింది, మళ్ళీ మా రేవు. బ్యాండు వాళ్ళు భయానికి ఆపకుండా వాయిస్తున్నారు. తహసీల్దారు గారు జీపు వెనక సీట్లో రాడ్డు పట్టుకుని కళ్ళు మూసుకున్నారు. ముందు సీట్లో టైపిస్టమ్మగారు మాత్రం, రోజూ ఆ పాయ దాటే మనిషి కదా, పడీ పడీ నవ్వుతోంది. "సార్, కళ్ళు తెరవండి, ఊరేగింపు ఇక్కడే మొదలైపోయింది" అంటోంది. ఆ నవ్వు చూసి నాకూ నవ్వొచ్చింది, హెడ్ క్లార్కు గారికీ వచ్చింది. చివరికి తహసీల్దారు గారు కూడా కళ్ళు మూసుకునే నవ్వారు.

తిరిగి తిరిగి పంటు లంక గట్టుకి చేరింది. చేరేసరికి జీపు మొహం గోదావరి వైపు ఉంది, వెనక భాగం గట్టు వైపు ఉంది.

"మళ్ళీ తిప్పవయ్యా" అన్నాను సరంగుతో.

"పోటు తగ్గాలండీ. సాయంత్రం అయిపోతాదండీ."

దిగాక తిప్పుకుందామంటే, గట్టు మీద నించి ఊళ్ళోకి పోయేది పుంత. అంటే బళ్ళు పోయే సర్కారు బాట. అటూ ఇటూ కొబ్బరిచెట్లు, పక్కన నీళ్ళ బోదెలు. జీపు పడుతుంది, తిరగదు. ఏం చేయాలో తెలియక నేను తల గోక్కుంటుంటే ఆవిడ అంది, "వెనక్కే పోనీ తమ్ముడూ. మా అక్క జీపు వస్తాదని చెప్పింది గానీ, ఏ మొహంతో వస్తాదో చెప్పలేదుగా."

రివర్సు గేరు వేశాను. అలా మొదలైంది మా ఊరేగింపు. నేను సీటు మీద ఒక చెయ్యి వేసి, మెడ పూర్తిగా వెనక్కి తిప్పి నడుపుతున్నాను. రివర్సులో ఆ జీపు సన్నగా ఏడుస్తుంది, ఆ ఏడుపుకి పైన పెళ్ళి పాట. దారి చూపించడానికి మా అటెండరు జీపు వెళ్ళే వైపు ముందు నడుస్తున్నాడు. "కుడికి రండి... ఆయ్, మీ కుడికి కాదండీ, నా కుడికండీ... కాస్త ఎడమకి దయచేయండి." మర్యాద విడిచిపెడితేనా? ఆ మర్యాదతో నన్ను రెండుసార్లు బోదెలోకి దింపబోయాడు.

లంక లంకంతా వచ్చేసింది. కాయలు దింపడానికి చెట్లెక్కినవాళ్ళు పైనించే కేకలు వేస్తున్నారు. బ్యాండూ, మా ఆఫీసు వాళ్ళూ, జనమూ అంతా బానెట్టు వైపే నడుస్తున్నారు, ఇంకోవైపు చోటేదీ? మామూలు ఊరేగింపులో బండిలో ఉన్న మనిషికి ముందు నడిచేవాళ్ళ వీపులే కనబడతాయి. ఆ రోజు ఆవిడకి అందరి మొహాలూ కనబడ్డాయి. తనతో పడవెక్కినవాళ్ళు, తన దగ్గర అర్జీ రాయించుకున్నవాళ్ళు, తనతో చర్చిలో పాడేవాళ్ళు. ఒక్కొక్కరినీ వరసపెట్టి పిలుస్తోంది. "పిన్నిగారూ, బాగున్నారాండీ, పొద్దున్నే కదా చూసేను" అని తనే అడిగి తనే నవ్వుతోంది.

పెద్దింటి దగ్గరికి వచ్చేసరికి జీపు ఆగిపోయింది. పుంత అక్కడ సన్నమైపోయింది. పెద్దింటి కొబ్బరాకుల దడి బాట మీదికి ముందుకొచ్చి ఉంది. జీపు వెనక భాగం వెళ్ళి దడి గుంజకి ఆనుకుంది. పెద్దింటాయన తెల్ల పంచె, పైన కండువా, వీధిలో కుర్చీలు వేయించి, బొండాలు కొట్టించి సిద్ధంగా ఉన్నాడు. తహసీల్దారు తన ఇంటి ముందు ఆగుతారని ముందే అనుకున్నాడు కాబోలు.

"దయచేయండి తహసీల్దారు గారూ, దయచేయండి. బండి ఇంక ముందుకు పోదండీ" అన్నాడు. ఆవిడ వైపు తిరిగి, "అమ్మాయ్, దిగు. పేట ఎంత దూరం, నాలుగడుగులు. నడిచిపో" అన్నాడు. చెడ్డగా అనలేదు. ఆయనకి అది అలవాటు మాట, అంతే.

ఆవిడ దిగలేదు. నవ్వు ఆగిపోయింది. బ్యాండు కూడా ఆగింది. "నేను దిగనండీ" అంది. "మా అక్క జీపు ఇంటి దగ్గరికి వస్తాదని చెప్పిందండీ. మీతోనే చెప్పింది. ఇక్కడ దిగితే మా అక్క మాట అబద్ధమైపోతాదండీ."

నేను ఇంజను ఆపలేదు. ఇంతదూరం గోదావరి దాటించి తెచ్చి, పేట కనబడే చోట ఒక తాటాకంత అడ్డానికి ఆగిపోతే నేను మళ్ళీ ఆ స్టీరింగు ముట్టుకోలేనేమో అనిపించింది. తహసీల్దారు గారు వెనక నించి దిగారు. నేల మీద కాళ్ళు పడగానే ఆయనకి అధికారం తిరిగొచ్చింది. దడి దగ్గరికి వెళ్ళి చూశారు.

"ఇది పుంత కదా?"

"ఆయ్, పుంతేనండీ" అన్నాడు పెద్దింటాయన.

"ఇది మీ దడే కదా?"

"ఆయ్, దడేనండీ."

"పుంత మీదికి దడి ఎట్ల వచ్చింది?"

పెద్దింటాయన దడి వైపు చూశాడు, పుంత వైపు చూశాడు. "గాలికి జరిగిందండీ" అన్నాడు.

ముందు నవ్వింది టైపిస్టమ్మగారే. ఆ వరండా నవ్వు. తరవాత సరంగు, బ్యాండు, చెట్ల మీద వాళ్ళు, అందరూ. ఎంత ఆపుకుందామన్నా పెద్దింటాయనకి కూడా నవ్వాగలేదు, కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "మా అక్క అల్లిన ఆకులేనండీ అవి" అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. "విప్పినా పాడవ్వవు, గట్టివి."

ఆయనే ముందు చెయ్యి వేశాడు. తాళ్ళు విప్పుతుంటే మా వాళ్ళు ఎగబడ్డారు. "మీరు ఉండండి, మేం తీస్తాం", "ఆయ్, మీకెందుకండీ శ్రమ", మళ్ళీ మొదలు. మొత్తానికి దడి గోడకి చేరింది, జీపు కదిలింది.

చర్చి పక్కన చిన్న పెంకుటింటి ముందు నులక మంచం మీద అక్క కూర్చుని ఉంది. ఉతికిన చీర, నెరిసిన జుట్టు, మోకాళ్ళ మీద చేతులు. జీపు వెనక భాగం తన వైపు వస్తుంటే కన్నార్పకుండా చూసింది. మంచం దగ్గరికంటా తెచ్చి ఆపాను.

"ఇదేటే, ఎనక్కొచ్చేవు?" అంది.

"వచ్చేనా లేదా?" అంది ఈవిడ సీటు లోంచే.

"వచ్చేవులే" అంది అక్క. అని, తహసీల్దారు గారి వైపు తిరిగింది. "బాబుగారూ, మా చెల్లి ఇందులో రోజూ తిరిగేదాండీ?"

తహసీల్దారు గారు నా వైపు చూశారు. నేను టైర్ల వైపు చూశాను. "తిరక్కుండా ఎట్లమ్మా, మీ చెల్లెలు లేకుంటే జీపే కదలదు" అన్నారు ఆయన. ఆ మాటకి ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాలనిపించింది నాకు.

టైపిస్టమ్మగారు మాత్రం జీపు దిగి, దండలన్నీ తీసి అక్క మెళ్ళో వేసి, పక్కన కూర్చుని, "లేదక్కా. ఈ రోజే మొదలు. ఆ వేళ అన్నం తింటూ ఊరికే ఆయ్ అన్నాను" అంది.

"నాకు తెలుసులేవే" అంది అక్క.

"తెలుసా?"

"రోజూ మోకాళ్ళ దాకా బురదతో వచ్చేదానివి. జీపెక్కే మనిషికి బురదేటి? ఆ చీరలు ఉతికింది నేను కాదూ?"

"మరి తెలిసి ఊరంతా ఎందుకు చెప్పేవే?"

"నీ గురించి నేను చెప్పకపోతే ఇంకెవరు చెప్తారే" అంది అక్క.

ఇంక ఈవిడ ఏడ్చేసింది. అన్నాళ్ళలో ఆవిడ ఏడవగా నేను చూడలేదు. అక్క కూడా ఏడ్చింది, ఏడుస్తూనే చెల్లెలి తల మీద పడ్డ బంతిపూల రేకులు ఏరింది. హెడ్ క్లార్కు గారి సంగతి చెప్పక్కర్లేదు. నా కళ్ళలో నీళ్ళు చూసి అటెండరు ఏమైందండీ అంటే, మెడ పట్టేసిందన్నాను. అది నిజమే కూడా, తరవాత చాలా రోజులు తల తిప్పలేకపోయాను.

కాఫీలు అయ్యాయి. బయలుదేరుతుంటే అక్క జీపు చుట్టూ గోడ పట్టుకున్నట్టు పట్టుకుని నడిచి, బానెట్టు మీద అరచెయ్యి ఆనించి చూసింది. "ఏడిగా ఉందే" అంది. తహసీల్దారు గారు అడక్కుండానే ముందు సీటు వైపు చెయ్యి చూపించారు. మేం చేతులు పట్టి ఎక్కించాం. రేవు దాకా తీసుకెళ్ళి మళ్ళీ ఎలా తేవాలన్నది ఎవరూ అడగలేదు, చెల్లెలూ పేట కుర్రాళ్ళూ ఉన్నారుగా, మంచం మీద మోసుకొస్తామన్నారు. ఈసారి చెల్లెలు వెనక సీట్లో, తహసీల్దారు గారి పక్కన. వెనక్కి వచ్చినందుకు ఇప్పుడు లాభమే, జీపు తిప్పే పని లేదు. ముందుకే, తిన్నగా.

పెద్దింటి దగ్గర అక్క నా చెయ్యి తట్టింది. "ఇక్కడ ఆపు నాయనా."

ఆపాను. పెద్దింటాయన విప్పిన కొబ్బరాకు ఒకటి చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. అక్క చిన్నప్పణ్ణించీ ఆయన తోటలో పనిచేసింది. మేక కూడా అండీ అనిపించుకునే మా కోనసీమలో, ఆ వీధిలో ఆవిణ్ణి ఎవరూ ఎన్నడూ ఏమే అని తప్ప పిలవలేదు. జీపు సీటు ఎత్తు. ఆవిడ ఆయన్ని పైనించి చూస్తోంది.

"బాబుగారూ" అంది మెల్లిగా. "మా చెల్లి జీపులో తిరుగుతాదని నేను చెప్పేనా లేదాండీ?"

ఆయన ఆకు కిందికి దించాడు.

"చెప్పేరండి" అన్నాడు.

అన్నాక ఆ మాట ఆయన చెవినే పడింది. నోరు కొంచెం తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. వెనక బ్యాండు వాళ్ళు పాట మధ్యలో ఉన్నారు, ఇంకెవరైనా విన్నారో లేదో నాకు తెలియదు. నేను విన్నాను, అక్క వింది. ఆవిడ చీర కొంగు భుజం మీద సర్దుకుని, తిన్నగా రేవు వైపు చూసింది.

"పోనీ నాయనా" అంది.

ఫస్టు గేరు వేశాను.